ఎనిమిది గంటల పడక, ఐదున్నర గంటల నిద్ర

కొలిమిగుండ్లలో మందుల షాపు నడుపుతున్నదాన్ని. ఈ మండలం ఎలా నిద్రపోతోందో నాకు కౌంటరు దగ్గరే తెలిసిపోతుంది. జ్వరం బిళ్ళ కావలసినవాళ్ళు రోడ్డు మీదినుంచే కేకేసి అడుగుతారు. నిద్ర బిళ్ళ కోసం వచ్చినవాళ్ళు మాత్రం పక్కనున్న మనిషి వెళ్ళిపోయేదాకా అద్దాల్లో డబ్బాలు చూస్తూ నిలబడి, ఆ తరువాత గొంతు తగ్గించి, "అక్కా, నిద్దర పట్టడంల్యేదు. ఒక్క బిళ్ళ ఈయి" అంటారు. ఆల్‌ప్రజోలం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టరు చీటీ ఉండాలి. ఎవరు రాశారో, ఎవరికి ఇచ్చానో రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. చీటీ లేదంటే ఇవ్వను. ఇవ్వనన్నాక మనిషిని ఊరికే పంపడం బాగుండదు కదా, నాలుగు మాటలు అడుగుతాను. ఎప్పుడు పడుకుంటావు, ఎప్పుడు లేస్తావు, నడుమ ఎందుకు మెలకువ వస్తుంది?

ఆ జవాబులు వినీ వినీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. పేపర్లలో, టీవీల్లో చెప్పే 'రోజుకు ఎనిమిది గంటలు' అన్న సలహా మా ఊళ్ళకు సగమే పనికొస్తుంది. ఇక్కడ చాలామంది పడక మీద ఎనిమిది గంటలు ఉంటూనే ఉన్నారు. నిద్ర మాత్రం ఐదో ఆరో గంటలు. పోయిన ఆ రెండు మూడు గంటలు వాళ్ళ బద్ధకం వల్లో, సెల్‌ఫోను వల్లో పోయినవి కావు. ఎక్కువ భాగం ఇంటికప్పు, షిఫ్టు వేళలు, లారీల రోడ్డు, రాత్రి మైకు తినేసినవి. వాటికి నా దగ్గర బిళ్ళ లేదు.

డాక్టర్లు దీనికొక లెక్క వాడతారు, స్లీప్ ఎఫిషియెన్సీ అని. పడక మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయింది ఎంత శాతమో చూడటమే ఆ లెక్క. రాత్రి 9కి నడుం వాల్చి పొద్దున 5కు లేస్తే 8 గంటలు. అందులో నిద్ర 6 గంటలే అయితే 75 శాతం. 85, ఆపైన ఉంటే బాగున్నట్టు. నాపరాయి గనుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ఎంత లోతు తవ్వావని ఎవరూ అడగరు, లారీకి ఎక్కే బండ ఎంత వచ్చిందనే అడుగుతారు. మిగిలిందంతా గని పక్కన గుట్టగా పడి ఉంటుంది.

ముక్కలైన నిద్రకు ఒళ్ళు చెల్లించే ధర మామూలుది కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాత్రి నిద్రలో రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం దిగుతుంది. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. పదేపదే మెలకువ వచ్చే మనిషికి ఆ దిగుడు సరిగా ఉండదు. పిల్లలకు ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. ఆ గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ. అందుకని పదిన్నరకు ఊరేగింపు డీజే లేపిన పసివాడు తెల్లవారి ఎండ ఎక్కేదాకా పడుకున్నా పోయింది పూర్తిగా తిరిగి రాదు.

నా దగ్గరకు ఎక్కువగా వచ్చేది అరవై దాటినవాళ్ళు. శనగ చేనుకో పత్తి చేనుకో పగలంతా కాపలా ఉండి వచ్చిన పెద్దాయన ఏడున్నరకు సంగటి తిని ఎనిమిదికి మంచం ఎక్కుతాడు. రెండున్నరకో మూడుకో కళ్ళు తెరుచుకుంటాయి. "రేయంతా జాగారమే పాపా" అంటాడు. ఎనిమిది నుంచి మూడు దాకా ఏడు గంటలు పెద్దనాయనా, అందులో ఐదున్నర ఆరు గంటలు నిద్రపోయి ఉంటావు అంటే నమ్మడు. వయసుతో నిద్ర ఎలా మారుతుందో చూడటానికి మోరిస్ ఒహాయన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2004లో ప్రచురించారు. ఐదేళ్ళ పిల్లల నుంచి నూరు దాటిన వృద్ధుల దాకా 3,577 మంది లెక్కలు అందులో ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా వయసు పెరిగేకొద్దీ మొత్తం నిద్ర తగ్గుతుంది, గాఢనిద్ర తగ్గుతుంది, నడుమ మెలకువలు పెరుగుతాయి. అరవై దాటాక మిగతా మార్పులు చాలావరకు నిలకడకు వస్తాయి. స్లీప్ ఎఫిషియెన్సీ శాతం ఒక్కటే ఇంకా దిగుతూ ఉంటుంది. అంటే ఆ పెద్దాయనకు వచ్చింది జబ్బు కాదు, వయసు. దానికి నిద్ర బిళ్ళ వేస్తే మూడింటికి ఒంటికని లేచి, మత్తులో గడప తట్టుకొని తుంటి విరగ్గొట్టుకుంటాడు. ముసలివాళ్ళకు ఈ జాతి మందులు వీలైనంతవరకు వద్దని వైద్యులు చెప్పేది అందుకే.

మందుల మనిషిగా ఇక్కడొక మాట. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నామని వచ్చేవాళ్ళ బీపీ స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి. అందులో నీరు తీసే మందు కలిసి ఉండి, దాన్ని రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటూ ఉంటే, డాక్టరునడిగి పొద్దుటికి మార్చుకోవడంతోనే సగం మెలకువలు పోవచ్చు. ఆయాసానికీ కీళ్ళనొప్పులకీ రాసే స్టెరాయిడ్లు సాయంత్రం పడితే నిద్ర చెడుతుంది. షుగరు అదుపు తప్పినా రాత్రంతా లేపుతుంది. గట్టిగా గురక పెట్టి నడుమ ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్ళయితే నంద్యాలకో కర్నూలుకో పోయి చూపించుకోవాలి. వాళ్ళకు నిద్ర బిళ్ళ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

ఇవేవీ కాకుండా ఉత్త నిద్రలేమే అయితే దానికి చికిత్స వినడానికి విచిత్రంగా ఉంటుంది. పడక మీద సమయం తగ్గించమంటారు. ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో దీన్ని పద్ధతిగా రాసిపెట్టాడు. ఆరు గంటలే నిద్ర పడుతోందా, ఆరు గంటలే మంచం మీద ఉండు. లేచే వేళ మార్చకు. శాతం 90 దాటాక ఇంకో పావుగంట కలుపు. ఇలాంటివి కలిపిన చికిత్సనే ముందు వాడాలనీ, బిళ్ళ ఆ తరువాతి మాటనీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. పెద్దాయనకు నేను చెప్పేది కూడా ఇదే: ఎనిమిదికి మంచమెక్కకు, పది దాకా అరుగు మీద కూర్చొని నలుగురితో మాట్లాడు. అయితే సిమెంటు లారీ తోలేవాళ్ళకు, మూర్ఛ ఉన్నవాళ్ళకు ఈ మాట చెప్పను. మొదటి వారాల్లో పగటి నిద్రమత్తు పెరుగుతుంది, తాడిపత్రి రోడ్డు మీద అది ప్రాణాల మీదికి వస్తుంది.

వయసులో ఉన్న పిల్లల కథ దీనికి పూర్తిగా తిరుగు. ఇంటర్ హాస్టల్ నుంచి సెలవలకు వచ్చిన పిల్లలకు తల దిండుకు తగిలితే చాలు. శాతం లెక్క కడితే 95 వస్తుంది. దాన్ని చూసి మురిసిపోకూడదు. బాగా అలసిన మనిషికీ, నిద్ర బాకీ ఉన్న మనిషికీ శాతం ఎప్పుడూ బాగానే కనబడుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ ఒకటి రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. పదకొండుకు గానీ వాళ్ళకు కన్ను మూతపడదు. ఐదింటికి స్టడీ అవరని గంట కొడతారు. ఆ వయసుకు కావలసింది 8 నుంచి 10 గంటలు, దొరికేది 6. నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగుకు చేరిన మా వైపు పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు, ఒకరు చదువుకుంటుంటే లైటు అందరి మీదా వెలుగుతుంటుంది. తెల్లవారుజామున చదివితేనే బుర్రకెక్కుతుందని మన పెద్దల నమ్మకం. రాత్రి తొందరగా పడుకున్న రోజుల్లో అది నిజమై ఉండొచ్చు. పదకొండు దాకా చదివించి ఐదుకు లేపడం చదువు మీద ప్రేమ కాదు.

ఇంకొందరి గురించి చెప్పాలి. నలభై ఎనిమిది, యాభై ఏళ్ళ ఆడవాళ్ళు. "అక్కా, నడిరేయి ఒళ్ళంతా కాలిపోతాది, చెమటలు గార్తాయి, లేసి నీళ్ళు తాగి కూచ్చుంటా. మిద్దె ఎండకు కాగింటాది గదా" అంటారు. మిద్దె కాగడం నిజమే, కానీ డిసెంబరులో కూడా అలాగే ఉందా అని అడిగితే ఆలోచనలో పడతారు. నెలసరి ఆగిపోయే వయసులో వచ్చే ఆవిర్లు అవి. వాటికి డాక్టరు దగ్గర చికిత్స ఉంది. మా ఊళ్ళలో ఈ మాట ఆడవాళ్ళు ఆడవాళ్ళతో కూడా అనుకోరు. కప్పు మీదికి నెట్టేస్తారు.

ఆ కప్పు దగ్గరికే వస్తాను. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ళ జాబితాలో నంద్యాల, బనగానపల్లె పేర్లు మామూలే. నిద్ర పట్టాలంటే ఒంటిలోపలి వేడి కొంచెం దిగాలి. నాపరాయి పరిచిన కప్పు, సిమెంటు కప్పు, రేకు, పగలంతా ఎండ తాగి రాత్రి దాన్ని గదిలోకి దించుతాయి. పాత మిద్దెల మీద చౌడు మన్ను మందంగా పోసేవాళ్ళు, కప్పులో గవాచి (వెలుతురు కన్నం) ఉండేది, వేడి పైకి పోయేది. ఆ ఇళ్ళను మెచ్చుకుంటూ కూర్చోవడం నాకిష్టం లేదు. వానాకాలంలో కారేవి, తేళ్ళు దిగేవి, జనం విసిగి మార్చుకున్నారు. కానీ మార్చుకున్నప్పుడు చల్లదనానికి బదులు ఏమీ పెట్టలేదు. ఇక్కడ నేల తవ్వితే సున్నపురాయి. దాన్ని నమ్ముకొని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా ఇంటి కప్పు మీద రెండు పూతలు తెల్ల సున్నం కొట్టుకునే అలవాటు మాత్రం రాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అలాంటిది మనకూ కావాలి. కాలనీ ఇళ్ళు కట్టించే ప్రభుత్వం కప్పుకు తెల్లపూత ఖర్చు కూడా అంచనాలో రాయాలి. కెల్టన్ మైనర్ బృందం 2022లో 68 దేశాల్లో 47 వేల మంది చేతిపట్టీల సమాచారం చూసి చెప్పింది: రాత్రి వేడి 30 డిగ్రీలు దాటితే సగటున 14 నిమిషాల నిద్ర పోతుంది. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి వృద్ధులకు దాదాపు రెట్టింపు, పేద దేశాలవాళ్ళకు ఇంకా ఎక్కువ. 14 నిమిషాలేగా అనుకోకండి. మాకు అలాంటి రాత్రులు నెలల తరబడి ఉంటాయి.

షిఫ్టుల సంగతి ఇంకా పెద్దది. ఎ షిఫ్టు 6 నుంచి 2, బి షిఫ్టు 2 నుంచి 10, సి షిఫ్టు 10 నుంచి పొద్దున 6. సి షిఫ్టు దిగి వచ్చిన కుర్రవాడు ఎనిమిదికి పడుకుంటాడు. అప్పటికే కప్పు వేడెక్కడం మొదలవుతుంది. కూరగాయల ఆటో మైకు, పక్కింటి మిక్సీ, లారీ హారన్లు, "నీళ్ళొచ్చినాయి" అన్న కేక. భార్య పిల్లలను బయట కూర్చోబెట్టి నోరు మూయిస్తూ ఉంటుంది, ఆమెకూ నిద్ర లేదు. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది. రాత్రి డ్యూటీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్నవాటి వర్గంలో పెట్టింది, 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది.

మా మండలంలోనే బెలుం గుహలున్నాయి. 2002లో సందర్శకులకు తెరిచిన ఆ 3,229 మీటర్ల గుహల్లోకి వెళ్ళి వచ్చినవాళ్ళు లోపల పగలో రాత్రో తెలియదంటారు. నిద్ర శాస్త్రంలో ఒక పేరుపొందిన ప్రయోగం అలాంటి చోటే జరిగింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియల్ క్లైట్‌మన్, తన విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కలిసి 1938లో అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉన్నాడు. ఎండ పొడ తగలని చోట రోజును 28 గంటలకు సాగదీసి ఒళ్ళు ఒప్పుకుంటుందేమో చూద్దామనుకున్నారు. ఇరవైల్లో ఉన్న రిచర్డ్‌సన్ ఒళ్ళు దారికొచ్చింది. నలభై మూడేళ్ళ క్లైట్‌మన్ ఒళ్ళు ససేమిరా అంది, పాత 24 గంటల లెక్కనే పట్టుకుంది. ఇద్దరి మీద చేసిన ప్రయోగాన్ని పట్టుకొని సిద్ధాంతం చెప్పకూడదు, తెలుసు. కానీ వయసు మీద పడేకొద్దీ రాత్రి డ్యూటీ తట్టుకోవడం కష్టమన్న సంగతి నలభై అయిదేళ్ళ ఆపరేటర్‌ను అడిగితే గుహలోకి పోనక్కరలేకుండానే చెబుతాడు. కనీసం రెండు పనులు చేయవచ్చు. షిఫ్టును ఎ నుంచి బి, బి నుంచి సి వైపు ముందుకే తిప్పాలి. మన ఒంటి గడియారం 24 గంటలకంటే కాస్త నిదానం కనుక ముందుకు జరగడం తేలిక, వెనక్కి జరగడం కష్టం. నలభై అయిదు దాటినవాళ్ళకు సి షిఫ్టు వద్దనే హక్కు ఇవ్వాలి.

'నిద్ర సుఖమెరుగదు' అని సామెత. కష్టం చేసినవాడికి రాళ్ళ మీదైనా నిద్ర పడుతుందని ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి బాగా అచ్చివచ్చిన మాట. చెన్నైలో ఈ మాటను కొలిచి చూశారు. ఫ్రాంక్ షిల్‌బాక్, గౌతమ్ రావు, హెదర్ స్కోఫీల్డ్ తదితర ఆర్థికవేత్తలు 452 మంది తక్కువ ఆదాయం ఉన్న మనుషుల చేతులకు పట్టీలు కట్టి చూసిన ఫలితాలు 2021లో వచ్చాయి. వాళ్ళు రాత్రి పడక మీద ఉండేది 8 గంటలు. నిద్ర 5 గంటల 30 నిమిషాలు. శాతం 70. ఒక రాత్రిలో సగటున 31 మెలకువలు. నిద్రలేమి జబ్బున్నవాళ్ళు కారు, మామూలు మనుషులే. వేడి, దోమలు, రొద, ఇరుకు. సుఖం ఎరగనిది నిద్ర కాదు, దాన్ని గురించి మాట్లాడిన మనమే.

ఆ అధ్యయనంలో నాకు బాగా నచ్చింది ఆ తరువాతి భాగం. సగంమందికి పైగా మనుషులకు ఫ్యాన్లు, మెత్తటి పరుపులు, చెవిలో పెట్టుకునే బిరడాలు ఇచ్చి, ఎక్కువసేపు పడుకోమని ప్రోత్సహించారు. రోజుకు 27 నిమిషాలు నిద్ర పెరిగింది. కానీ పెరిగింది పడక మీద సమయం పెరగడం వల్లే, శాతం అంతంతమాత్రంగానే ఉండిపోయింది. పనిలో, బుర్రలో, మనసులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కొందరికి మాత్రం పని చేసేచోటే, మధ్యాహ్నం, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అరగంట కునుకుకు వీలు కల్పించారు. వాళ్ళ పనితీరు మెరుగుపడింది, ఏకాగ్రత పెరిగింది, మనసు తేలికపడింది. కునుకు కోసం పని సమయం కొంత పోయింది, ఆ సంగతీ దాచలేదు. రాత్రి ముక్కల నిద్రకు ఇంకో అరగంట అతికించడంకంటే మధ్యాహ్నం ఒక్క చెడని ముక్క మేలని నాకు అర్థమైంది.

గనుల్లో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి ఏ చెన్నై వాళ్ళూ చెప్పనక్కరలేదు. సద్ది తిన్నాక బండ నీడనో వేపచెట్టు కిందో టవలు పరుచుకొని కన్ను మూస్తారు. దాన్ని చూసి మేస్త్రీ "నిద్రపోతే పని ఎవడు జేస్తాడ్రా" అని అదిలిస్తాడు. పాలిష్ ఫ్యాక్టరీల్లో, పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ నీడ కూడా లేదు. ఇటువంటప్పుడు 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు గరిష్ఠంగా 9 గంటలున్న పనిని 10కి పెంచడానికి, ఐదు గంటల పనికి తప్పనిసరిగా ఉండే అరగంట విరామాన్ని ఆరు గంటలకు జరపడానికి ఆమోదం తెలిపింది. పరిశ్రమలు రావాలి, కాదనను. నా షాపు బేరాలూ వాటి జీతాల మీదే నడుస్తాయి. కానీ 70 శాతం నిద్రతో వచ్చిన మనిషి చేత ఆరు గంటలు ఏకబిగిన కటింగ్ మిషన్ తిప్పించడం లాభమని ఏ లెక్కతో తేల్చారో చెప్పాలి.

నేను అడిగేవి పెద్ద ఖర్చు పనులు కావు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు వద్దన్న నిబంధన 2000 నుంచే ఉంది. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెళ్ళు దాటకూడదన్నదీ అందులోనే ఉంది. పోలీసువాళ్ళు దాన్ని అమలు చేస్తే చాలు, కొత్త చట్టం అక్కరలేదు. పంచాయతీ తలచుకుంటే వేసవికి ముందు కప్పులకు సున్నం కొట్టించవచ్చు. నీళ్ళు వదిలే వేళ రాత్రి షిఫ్టు ఇళ్ళకూ, అందరికీ ముందే తెలిసేలా ఒకటే ఉంచవచ్చు. ఫ్యాక్టరీలవాళ్ళు మధ్యాహ్నం కునుకుకు ఒక చీకటి గది, నాలుగు చాపలు, రెండు ఫ్యాన్లు పెట్టి, మూడు నెలలు ఆ డిపార్టుమెంటు ఉత్పత్తినీ, చేతివేళ్ళు తెగిన కేసులనూ పక్క డిపార్టుమెంటుతో పోల్చి చూడాలి. టన్ను టన్నుకూ లెక్క రాసుకునేవాళ్ళకు అది కష్టమేమీ కాదు. నా మాట తప్పని తేలితే గది తీసేయమనండి, నేనేమీ అనను.